సీటీ చిత్రం స్పష్టత: కిరణాలను ముందే అదుపు చేయాలా, చిత్రాన్ని తరువాత శుద్ధి చేయాలా?

పెరంబూరు రేడియోగ్రాఫర్:
తక్కువ కిరణ మోతాదుతో స్కాన్ తీసి, చిత్రంలో గరుకుగా కనిపించే నాయిస్‌ను సాఫ్ట్‌వేర్‌తో తొలగిస్తే చాలునన్న వాదన ఈ మధ్య తరచుగా వినబడుతోంది. నేను దానితో ఏకీభవించను. కిరణాలను పట్టే డిటెక్టరును చేరని ఫోటాన్లు (కిరణ కణాలు) మోసుకురావలసిన సమాచారాన్ని ఏ గణనా తిరిగి పుట్టించలేదు.

గిండీ ఇంజనీరు:
అయ్యా, లెక్క మీకు తెలియనిది కాదు. కిరణాల ద్వారానే నాయిస్‌ను సగానికి తగ్గించాలంటే మోతాదును 4 రెట్లు పెంచాలి. ఆ భారాన్ని రోగిపై మోపకుండా, చిత్ర పునర్నిర్మాణంలోనే నాయిస్‌ను తగ్గించడం న్యాయం కాదా?

పెరంబూరు రేడియోగ్రాఫర్:
అదుపు చేయడమంటే మోతాదు పెంచడం కాదండీ. మధ్యలో పలుచగా, అంచుల్లో మందంగా ఉండే బోటై ఫిల్టర్, శరీరం సన్నగా ఉండే అంచులవైపు వెళ్లే అనవసర కిరణాలను ముందే ఆపుతుంది. అయోడిన్ మందు ఎక్కించిన సన్నని రోగికి కిరణాలు పుట్టించే ట్యూబుకు 120 కేవీ (కిలోవోల్టులు) బదులు 100 గానీ 80 గానీ ఎంచుకుంటే, కిరణాల సగటు శక్తి అయోడిన్ బాగా పీల్చుకునే 33 కేఈవీ (కిరణశక్తి కొలమానం) స్థాయికి దగ్గరపడి, రక్తనాళాలు మరింత తేటగా కనిపిస్తాయి.

వీటన్నిటికంటే నన్ను బాధించేది టేబుల్ ఎత్తు. నెల్లూరు, తిరుపతి నుంచి తెల్లవారుజామున బయలుదేరి చెన్నై చేరిన రోగుల వరుస పెరిగేకొద్దీ, గ్యాంట్రీ (స్కానరు వలయం) మధ్యబిందువుకు రోగిని సరిగ్గా తెచ్చే పని తొందరలో జారిపోతుంది. స్కౌట్ (అసలు స్కాన్‌కు ముందు తీసే తొలి చిత్రం) తీసేటప్పుడు ట్యూబుకు దగ్గరగా ఉన్న శరీరం పెద్దదిగా కనబడి యంత్రం కరెంటును అనవసరంగా పెంచుతుంది. దూరంగా ఉంటే చిన్నదిగా కనబడి తగ్గిస్తుంది, చిత్రం గరుకుగా వస్తుంది. పైగా బోటై ఫిల్టర్ మందమైన భాగం శరీరంలో మందమైన చోటికే ఎదురుపడుతుంది. ఒక్క నిమిషం పట్టే ఈ సవరణను వదిలేసి, తరువాత నునుపు చేయడం నాకు సమ్మతం కాదు.

మైలాపూరు రేడియాలజిస్టు:
చిత్రాలు చదివేదాన్ని కాబట్టి ఒక మాట. కాలేయంలోని చిన్న గడ్డకూ చుట్టూ ఉన్న కణజాలానికీ తేడా చాలా స్వల్పం. మోతాదును మరీ తగ్గించి నునుపు చేసిన చిత్రం కంటికి ఇంపుగా ఉంటుంది గానీ, ఆ తేడా అందులో కలిసిపోవచ్చు.

గిండీ ఇంజనీరు:
టేబుల్ ఎత్తు విషయం ఒప్పుకుంటున్నానండీ. అయితే భారీకాయుల్లో ట్యూబు తన గరిష్ఠ కరెంటును చేరుకున్నాక, కిరణాలను ఎంత తీర్చిదిద్దినా డిటెక్టరుకు తగినన్ని ఫోటాన్లు అందవు. అక్కడ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి.

పెరంబూరు రేడియోగ్రాఫర్:
అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. పసిపిల్లలకూ సన్నని రోగులకూ మాత్రం ముందు కేవీ, టేబుల్ ఎత్తు, స్కాన్ నిడివి చూసిన తరువాతే ఆ సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కాలి.