కార్డులో గుర్తొచ్చే ఇంగ్లిష్ పదాలు జీఆర్ఈ ప్రశ్నల్లో తట్టట్లేదు

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ జీఆర్ఈకి చదువుతున్నాను. రాత్రి 10 నుంచి 11 దాకా అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో పదాలు చూస్తాను. రోజుకు 20 కొత్త కార్డులు, స్టెప్స్ (కొత్త కార్డు మళ్లీ కనబడే వ్యవధి) 1 నిమిషం, 10 నిమిషాలు. ముందు పదం, వెనక అర్థం, ఒక ఉదాహరణ వాక్యం.

కార్డు మీద 'ఎఫెమెరల్' కనబడితే 'కొద్దికాలమే నిలిచేది' అని ఠక్కున చెప్తాను. అదే సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో, వాక్యంలోని ఖాళీకి ఒకే అర్థం వచ్చేలా ఆరు పదాల్లో రెండు ఎంచుకోవాలంటే, దాదాపు అదే అర్థమున్న 'ట్రాన్సియెంట్' పక్కనే ఉన్నా 'ఎథీరియల్' పెట్టేస్తున్నాను. ఒకటి తప్పయినా మార్కు రాదు కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది.

కొత్త కార్డులు 10కి తగ్గించాను, తేడా లేదు. కార్డుకు మూడు వాక్యాలు పెట్టి చూస్తే, వాక్యం మొదలు చూడగానే జవాబు తెలిసిపోతోంది. అది నేర్చుకోవడం కాదు కదా!

వెర్బల్ (జీఆర్ఈలో ఇంగ్లిష్ విభాగం) బాగా రాసినవాళ్లు చెప్పండి: ఒకే అర్థం ఉన్న పదాలన్నీ ఒకే కార్డులో పెట్టాలా, వాక్యంలో పదాన్ని ఖాళీగా వదిలి క్లోజ్ కార్డులు చేసుకోవాలా?