“ముట్టవద్దు” అన్నది ఎవరు? (కొలొస్సయులకు 2:20–23)

ప్రశ్న: అందరికీ వందనాలు. వైజాగ్‌లో మేం వెళ్లే రిఫార్మ్డ్ (ప్రొటెస్టెంట్లలో సంస్కరణ సంప్రదాయపు) చర్చిలో నియమాల కాగితం పంచారు. ఆదివారం బీచ్‌కి వెళ్లకూడదు, సినిమా చూడకూడదు, ఇంటికి క్రిస్మస్ స్టార్ కట్టకూడదు. మీరితే ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) పాలు ఇవ్వరట. కాగితం పైన “చేతపట్టుకొనవద్దు, రుచి చూడవద్దు, ముట్టవద్దు” అన్న వాక్యం వేశారు. ఇది లీగలిజమా (నియమాలు పాటిస్తేనే దేవుడు ఒప్పుకుంటాడనడమా), లేక నాకే భక్తి తక్కువా?

జవాబు: వందనాలు సిస్టర్. ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. బైబిల్లో అది అక్కడితో ఆగదు. “...ముట్టవద్దు అను విధులకు మీరు లోబడనేల?” అని ఉంటుంది. ఆ మూడు ‘వద్దు’లూ ఈ పత్రిక రాసిన పౌలు పెట్టినవి కావు. కొలొస్సయి సంఘం మీద వేరెవరో రుద్దుతున్న మాటల్ని ఆయన ఎత్తి చూపించి, వాటికి ఎందుకు లొంగుతున్నారని అడుగుతున్నాడు. మన పాత అనువాదంలో కొటేషన్ గుర్తులు ఉండవు కాబట్టి ఆ పనంతా ‘అను’ ఒక్కటే చేస్తుంది. దాన్నీ ‘లోబడనేల’నూ కత్తిరిస్తే పౌలు ఖండించిన మాటే పౌలు ఆజ్ఞ అయి కూర్చుంటుంది. 23వ వచనం కూడా చదవండి. ఇలాంటి విధులు జ్ఞానంగా కనిపిస్తాయి గాని, శరీరేచ్ఛల్ని అదుపు చేయడంలో “ఏమాత్రమును ఎన్నిక చేయదగినవి కావు” అంటాడు. ఎన్నిక చేయడం అంటే ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం.

1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెస్ గ్రాంజెస్ ఈ ఊళ్లోనే సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. మనవాళ్లు సొంతంగా చదువుకోవాలనే కదా ఆ కష్టమంతా. అందుకే వాక్యాన్ని ఇలా ముక్క చేసి వాడితే నాకు చాలా బాధేస్తుంది.

ఇక లీగలిజం. నియమం ఉన్నంత మాత్రాన అది లీగలిజం కాదు. రిఫార్మ్డ్ సంఘాలు విశ్వాసం నేర్పడానికి వాడే 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో మూడు భాగాలున్నాయి: మన దుర్దశ, విమోచన, కృతజ్ఞత. పది ఆజ్ఞలు వచ్చేది మూడో భాగంలో. రక్షణ సంపాదించుకోవడానికి కాదు, రక్షించినందుకు పాటిస్తామన్నమాట. నియమం ఆ చోటు వదిలి “ఇది చేస్తేనే దేవుడు నిన్ను ఒప్పుకుంటాడు” అందంటే లీగలిజమే. దేవుడు చెప్పనిదాన్ని దేవుడి పేరుతో చెప్పినా అంతే. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 20వ అధ్యాయం సూటిగా చెబుతుంది: మనస్సాక్షికి ప్రభువు దేవుడొక్కడే. మీ పెద్దలు గౌరవించే పత్రమే అది.

మీ కాగితంలోని మూడూ ఒక్క కోవలోవి కావు. ఆదివారం విషయంలో వాళ్లకు ఆధారం ఉంది. అదే ప్రమాణం 21వ అధ్యాయం ఆ రోజు వినోదాలు కూడా మానమంటుంది. అవసరమైన పనులకు, కనికరపు పనులకు మాత్రం చోటిస్తుంది. స్టీల్ ప్లాంట్‌లో ఆదివారం షిఫ్ట్ అలాంటిదేనని నేననుకుంటాను, బ్లాస్ట్ ఫర్నేస్ ఆదివారమని ఆగదు కదా. కానీ హైడెల్‌బర్గ్ 103వ ప్రశ్న సంఘంగా కూడి రావడం మీదే బరువు పెడుతుంది, వినోదాల ఊసెత్తదు. సంస్కరణ సంఘాల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, ఆరాధన అయ్యాక పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లిన తల్లిని బల్లకు దూరం పెట్టడం అన్యాయం.

స్టార్ సంగతి వేరు. ఆరాధనలో వాక్యం చెప్పినవే ఉండాలన్నది వాళ్ల సూత్రం. చర్చిలో దాన్ని పాటించనివ్వండి. మీ ఇంటి గుమ్మం దాకా అది రాదు. సినిమాకైతే రోమా 14 చాలు, ఇలాంటి విషయాల్లో ఒకరికొకరు తీర్పు తీర్చవద్దంటుంది.

ఇంకొకరు: మరి నాయకుల మాట వినమని హెబ్రీ 13:17లో ఉంది కదండీ?

జవాబు: ఉందండీ. అదే వచనంలో నాయకుల్ని “లెక్క ఒప్పచెప్పవలసినవారు” అని కూడా అన్నారు. కాబట్టి ఒక్కో నియమానికీ ఆధారమైన వచనం చూపించమని అడగడం తిరుగుబాటు కాదు. సిస్టర్, మీ భర్తనో ఇంకెవరినో తోడు తీసుకుని పాస్టర్‌గారిని కలిసి మర్యాదగా అడగండి. వచనం చూపిస్తే ఆలోచిద్దాం. చూపించలేకపోతే ఆ నియమాన్ని సలహాగా ఉంచుకుని, బల్ల దగ్గర షరతుగా మాత్రం తీసేయమనండి.