ఫోను వశిష్ఠలో పడింది, ఈ-సిమ్ దానిలోనే ఉంది: తరచూ ప్రయాణాలు చేసేవారు ఎలా నెట్టుకొస్తున్నారు?

మలికిపురం బాటసారి

కొత్త పరికరం ఏది వచ్చినా చేతిలోకి తీసుకుని చూడందే నాకు నిద్ర పట్టదు. ఉద్యోగరీత్యా నెలకు మూడుసార్లు హైదరాబాద్ వెళ్తాను. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులను, బళ్లను నది దాటించే పడవ) ఎక్కి నరసాపురం చేరి, రాత్రి రైలు పట్టుకోవడం ఏళ్ల తరబడి నా అలవాటు. ఈ మధ్య ఫోను మార్చినప్పుడు సిమ్ కార్డు కూడా తీసేసి ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్) పెట్టుకున్నాను. టికెట్టు, బ్యాంకు, యూపీఐ అన్నీ ఆ ఒక్క ఫోనులోనే.

ఈ వేసవిలో పంటు దిగుతుంటే వెనుక వస్తున్న మోటారు సైకిలు హ్యాండిల్ నా మోచేతికి తగిలింది. ఫోను ఇనుప రేకు మీద ఒకసారి ఎగిరిపడి వశిష్ఠ గోదావరి నీళ్లలోకి జారింది. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి పంటు మీది కుర్రాడు దిగి, బురదలో చెయ్యి పెట్టి వెతికి తీసి ఇచ్చాడు. తెర వెలుగుతూనే ఉంది. ఐపీ 68 ఫోనే, అంటే నీళ్లను తట్టుకునే రకమే కదా అని తువ్వాలుతో తుడిచి, రైలెక్కగానే చార్జర్ పెట్టాను. భీమవరం రాకముందే తెర ఆరిపోయింది.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. కొత్త ఫోను కొన్నాను, ఈ-సిమ్ మళ్లీ జారీ చేయించుకున్నాను. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు అని అప్పుడు తెలిసింది. మోసగాళ్లు మన నంబరును కాజేయకుండా పెట్టిన నియమమట. మంచిదే, కానీ యూపీఐ కొత్త ఫోనులో మొదలవ్వాలంటే ఆ సిమ్ నుంచే బ్యాంకుకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఖాతాలో డబ్బుండి కూడా ఆ రోజు భోజనానికి సహోద్యోగి దగ్గర అయిదు వందలు తీసుకున్నాను. మీరంతా ఈ విషయంలో ఏం చేస్తున్నారో చెప్పండి.

రాజమహేంద్రవరం రిపేరు బల్ల

మీ ఫోను రేవులో పోలేదండి, రైల్లో చార్జర్ పెట్టాక పోయింది. ఐపీ 68 పరీక్ష చేసేది మంచినీళ్లలో. వేసవిలో పైనుంచి గోదావరి తగ్గినప్పుడు సముద్రపు పోటు నరసాపురం దాకా ఎక్కుతుంది. ఆ నీటిలో ఉప్పు ఉంటుంది, ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది. పైగా మీ ఫోను ముందు రేకు మీద పడింది. అంచున వెంట్రుకవాసి సందు ఏర్పడినా లోపలి జిగురు పట్టు వదిలినట్టే.

అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఫోన్లు తెరిస్తే ముందు కనిపించేది చిలుము. చార్జింగ్ రంధ్రంలోని పిన్నుల మీద, బోర్డు అంచుల్లో, రాగి బిందెకు పట్టినట్టే పచ్చగా పేరుకుంటుంది. భూతద్దం కింద పెడితే ఒక్కో పిన్ను సగానికి తినేసి ఉంటుంది. బ్యాటరీ నుంచి కరెంటు అందుతున్నంతసేపూ ఆ తినడం ఆగదు. చార్జర్ పెడితే మరింత వేగంగా సాగుతుంది.

తడిసిన వెంటనే ఆపేయండి. పడింది ఉప్పునీటిలోనైతే పైన, రంధ్రం దగ్గర కొద్దిగా మంచినీళ్లతో కడగండి. రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో నెమ్మదిగా తట్టి, ఫ్యాను గాలికి వదిలేయండి. ఎంత తొందరున్నా చార్జర్ జోలికి వెళ్లకండి. అంత కడిగినా లోపలికి నీరు చేరిందేమో పైకి తెలియదు కాబట్టి, వీలైనంత త్వరగా ఎవరిచేతనైనా తెరిపించాలి.

చేతులెత్తి చెబుతున్నాను, బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి. మన దగ్గర ప్రతి ఇంట్లో బియ్యం ఉంటుంది కాబట్టి అందరి చెయ్యీ ముందు అటే వెళ్తుంది. బియ్యం ఫోను లోపలి నీటిని లాగదు. పైపెచ్చు ఆ పొడి తడి రంధ్రంలోకి చేరి అట్టలా గట్టిపడుతుంది. 2024లో ఆపిల్ సంస్థ కూడా ఈ పని చేయవద్దని తన సూచనల్లో రాసింది.

అంబాజీపేట నుంచి దుబాయ్

బాటసారి గారూ, నేను రెండేళ్లకోసారి వస్తుంటాను. నా అనుభవంలో బ్యాంకుకు ముడిపడిన నంబరు మామూలు కార్డు సిమ్‌లోనే ఉండాలి. ఫోను చచ్చినా కార్డు తీసి పక్కవాళ్ల ఫోనులో వేస్తే ఓటీపీ వస్తుంది. ఈ-సిమ్‌ను దుబాయ్ నంబరుకు వాడతాను. ఒకే ఫోనులో రెండూ ఉంటాయి, ఇండియా నంబరుకు డేటా రోమింగ్ ఆపేస్తాను.

కొత్తగా వచ్చేవాళ్లకు మరో మాట. ఇక్కడ వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి, కాల్స్ మాత్రం కలవవు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి రండి. నా మొదటి వారం ఫోను ఎత్తడం లేదని మా అమ్మ తిండి మానేసి కూర్చుంది. ఇక్కడి ప్లగ్గులకు మూడు పలకల కాళ్లుంటాయి, మన గుండ్రటి కాళ్ల చార్జర్ వాటిలో దూరదు. అడాప్టర్ ఇంటి దగ్గరే కొని తెచ్చుకోండి.

నిడదవోలు జంక్షన్

కార్డు సిమ్మే మేలంటే నేను ఒప్పుకోను. రైల్లో నా ఫోను పోయింది. దొంగ ముందుగా చేసే పని సిమ్ ఊడదీసి పారేయడం. ఈ-సిమ్ అయితే అలా తీయలేడు, ఫోను ఆపేయకుండా ఉన్నంతసేపు జాడ తెలుస్తుంది. నాది కార్డు సిమ్ కాబట్టి పది నిమిషాల్లోనే జాడ పోయింది. అయితే ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఫోను పనిచేయకుండా చేయించగలిగాను. ఆ నంబరు ఫోను పెట్టె మీద ఉంటుంది. పెట్టెలు పారేయకండి.

లంక దారుల్లో మందుల ప్రతినిధి

సిమ్‌ల సంగతి పెద్దలు చెప్పారు, నేను దారుల గురించి చెబుతాను. గోదావరి లంకల్లో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే అది నేరుగా ఉపగ్రహాల నుంచి వస్తుంది. మ్యాపు మాత్రం ముందే దింపుకుని ఉంచుకోవాలి. ఒకసారి రాజోలు నుంచి రాత్రి పదకొండు గంటలకు నరసాపురం బయలుదేరితే మ్యాపు తిన్నగా రేవుకు తీసుకెళ్లి నిలబెట్టింది. పంటు కట్టేసి ఉంది, ఎదురుగా చీకటి నీళ్లు. వెనక్కి తిరిగి చించినాడ వంతెన మీదుగా వెళ్లాను. రేవు దాటే దారైతే వేళ ఎంతైందో చూసుకుని బయలుదేరండి.

ఆత్రేయపురం ఆడపడుచు

విమానాల్లో వెళ్లేవారికి నా అనుభవం. మధురపూడిలో పెద్ద పెట్టె అప్పగించేశాక నన్ను పేరు పెట్టి పిలిచారు. లోపల పవర్ బ్యాంకు ఉందట. పెట్టె తెరిచి వెతికేసరికి అత్తగారు చుట్టి ఇచ్చిన పూతరేకులన్నీ పొడి పొడి అయ్యాయి. లిథియం బ్యాటరీ అంటుకుంటే సామాన్ల అరలో ఆర్పేవారుండరు కాబట్టి పవర్ బ్యాంకు మన చేతి సంచిలోనే ఉండాలి. దాని సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. మీద రాసిన ఎంఏహెచ్ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఉన్నది 74 అవుతుంది, పరవాలేదు. 30,000 ఉన్నది 111 అవుతుంది.

మలికిపురం బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న బ్యాంకు నంబరును మళ్లీ కార్డు సిమ్‌లోకి మార్పించాను, డేటాకు రెండో నంబరును ఈ-సిమ్‌గా పెట్టాను. నిడదవోలు గారి మాట కూడా సబబే కాబట్టి దొంగ చేతికి చిక్కినా వాడలేకుండా కార్డు సిమ్‌కు పిన్ తాళం వేశాను. సంచిలో ఒక మీటల ఫోను, పర్సులో రెండు వేల నగదు, టికెట్టు కాగితం ప్రతి ఉంటాయి. రైల్లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ప్లగ్గులు ఆపేస్తారు కాబట్టి ఇంట్లోనే నిండా చార్జ్ చేసుకుని వెళ్తున్నాను.

రిపేరు బల్ల గారూ, ఒక్క సందేహం. మా అమ్మమ్మ పాడిన నాట్ల పాటలు ఆ పాత ఫోనులోనే ఉండిపోయాయి. వేరే చోట దాచుకోలేదు. మూడు వారాలు గడిచాయి. ఆశ పెట్టుకోవచ్చా?

రాజమహేంద్రవరం రిపేరు బల్ల

చిప్ ఊడదీసి చదవడం కుదరదండి, లోపలి సమాచారానికి ఆ బోర్డే తాళంచెవి. బోర్డును శుభ్రం చేసి ఒక్క పది నిమిషాలు లేపగలిగితే పాటలు బయటికి తీయవచ్చు. కచ్చితంగా వస్తాయని మాట ఇవ్వలేను. మీరు మాత్రం ఈలోపు చార్జర్ పెట్టి చూడకండి. తెర తాళం అంకెలు గుర్తుంచుకుని ఫోను తీసుకురండి.

మలికిపురం బాటసారి

శనివారం ఉదయం తెస్తాను.