ప్రాసెసర్‌ను మిక్సర్‌కు కలిపితే గరగర, ఆంప్‌కు కలిపితే మూసుకుపోయిన శబ్దం: ఏం చేయాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి): వచ్చే నెల మాదాపూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా బృందం వాయించాలి. నా దగ్గర గిటార్ మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉంది. వినాయక మండపంలో క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ ఆంప్ స్పీకరు శబ్దాన్ని అనుకరించే సెట్టింగు) ఆపేసి మిక్సర్‌కు ఇస్తే, డిస్టార్షన్ రేకు డబ్బాలో తేనెటీగలు దూరినట్టు వినిపించింది. సరే అని దాన్ని ఆన్ చేసి వేదిక మీది గిటార్ ఆంప్‌కు కలిపితే శబ్దం మూసుకుపోయింది. పైగా గుయ్యిమని హమ్. క్యాబ్ ఉంచాలా, తీసేయాలా?

జవాబు 1: మిక్సర్‌కు ఉంచాలి, ఆంప్‌కు తీసేయాలి తమ్ముడూ. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక చాలావరకు చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లోని గరగరంతా అక్కడే ఆగిపోతుంది. హాల్లోని పెద్ద స్పీకర్లకు ట్వీటర్ ఉంటుంది, అవి ఏదీ దాచవు. కాబట్టి మిక్సర్‌కు వెళ్లే లైనులో స్పీకరు పనిని క్యాబ్ సిమ్యులేషన్ చేయాలి. ఆంప్‌కు అసలు స్పీకరు ఉండనే ఉంది. మళ్లీ ఇంకోటి తగిలిస్తే మూసుకుపోక ఏమవుతుంది?

ప్రాసెసర్ మెనూలో అవుట్‌పుట్ సెట్టింగులు చూడండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌కు (మైకులకు వాడే మూడు పిన్నుల కనెక్టర్), పావు అంగుళం జాక్‌కు విడివిడిగా క్యాబ్ పెట్టుకునే వీలుంటే మొదటిదానికి ఆన్, రెండోదానికి ఆఫ్. ఆ వీలు లేకపోతే ఆంప్ మాట మరచిపోండి. క్యాబ్ ఆన్‌లో ఉంచి మిక్సర్‌కే ఇచ్చి, మీ గిటార్‌ను స్టేజ్ మానిటర్‌లో వేయమనండి. ఆంప్ వాడితే మాత్రం కేబుల్‌ను ముందున్న ఇన్‌పుట్‌లో కాకుండా వెనకనున్న ఎఫెక్ట్స్ రిటర్న్‌లో పెట్టండి. ప్రాసెసర్‌లోనే ఒక ఆంప్ మోడల్ నడుస్తున్నప్పుడు మరో ప్రీఆంప్ (ముందున్న ఇన్‌పుట్ తర్వాత టోన్ తయారుచేసే భాగం) దేనికి?

జవాబు 2 (సౌండ్ ఆపరేటర్): ఎక్స్‌ఎల్‌ఆర్ లేకపోతే ప్రాసెసర్ పక్కనే డీఐ బాక్సు (జాక్ సిగ్నల్‌ను దూరం వెళ్లినా రొద పట్టని ఎక్స్‌ఎల్‌ఆర్ లైనుగా మార్చే పెట్టె) పెట్టాలి. మామూలు జాక్ కేబుల్‌ను హాలు చివర మిక్సర్ దాకా లాగితే దారిలో ఉన్న రొదంతా పట్టుకొస్తుంది. ఒకే లైను ఇస్తే ఎడమ/మోనో జాక్ వాడండి. ఆ ఛానల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుల కోసం మిక్సర్ కేబుల్ గుండా పంపే కరెంటు) ఆపించండి. కొన్ని ప్రాసెసర్లకు అది పడదు.

హమ్‌కు ముందు గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో లైనులోని గ్రౌండ్ కలయికను విడదీసే) మీట నొక్కి చూడండి. ప్రాసెసర్, ఆంప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి, లైట్ల లైను వేరుగా ఉండాలి. ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. వినకండి. చేతిలో లోహపు తీగలున్న మనిషికి అది ప్రాణాంతకం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు అన్నా. నాకు వినపడటం లేదని వాల్యూమ్ పెంచితే జనానికీ పెరిగిపోతోంది, దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

జవాబు 2: చాలా ప్రాసెసర్లలో వాల్యూమ్ నాబ్‌ను పావు అంగుళం జాక్‌కు మాత్రమే పరిమితం చేయవచ్చు. అప్పుడు మిక్సర్‌కు వెళ్లే స్థాయి కదలదు, మీరు ఎంతైనా తిప్పుకోండి.

జవాబు 1: ఇంకొకటి. హెడ్‌ఫోన్స్‌లో చేసిన ప్రీసెట్ హాల్లో అలాగే వినిపించదు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, ట్రెబుల్ తగ్గి వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. ఇంట్లో ఆ లోటు పూడ్చడానికి రెండూ పెంచేస్తాం, వేదిక మీద అవే మీద పడతాయి. రిహార్సల్ గదిలో గట్టిగా పెట్టి మళ్లీ సరిచేయండి: 80-100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది బేస్‌ను తగ్గించేది), 6-8 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ (అంతకంటే పై ట్రెబుల్‌ను తగ్గించేది). గెయిన్ కొంత తగ్గించండి. ఫంక్షన్ హాళ్లు వాటంతటవే మోగుతాయి కనుక రివర్బ్ సగం చాలు.

ప్రశ్న అడిగినవారు: కోఠీ గుజరాతీ గల్లీలో ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కొంటాను. ఏ వైపు ఎటు?

జవాబు 2: రంధ్రాలున్న కొస ప్రాసెసర్‌కు, పిన్నులున్న కొస మిక్సర్‌కు. రెండు కొనండి, ఒకటి పాడైతే రెండోది ఉంటుంది.