బీఎస్ఎన్ఎల్‌కి పోర్ట్ అవ్వొచ్చా? తిరుపతి, చిత్తూరు వాళ్లు కాస్త చెప్పండి

అన్నా, అక్కా, వాడతా ఉండేవాళ్లు ఎవరైనా చెప్పండి. మేముండేది తిరుపతిలో. ఇప్పుడున్న కంపెనీ పేరు వద్దులే గానీ 2024 జులైలో రేట్లు పెంచినప్పట్నించి రీఛార్జ్ అంటేనే కడుపు మండతా ఉంది, పైగా 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు 13 సార్లు వేయించాల, నెల అంటే 28 రోజులని ఎవరు చెప్పినారో ఏమో. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి రోజూ ఇచ్చే డేటాలో సగం అట్లే మిగిలిపోతా ఉంది.

నా భయమంతా సిగ్నల్ గురించే. పనిమీద చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు పోతా వస్తా ఉంటా, అంగట్లో స్కాన్ చేసినాక ఆ గుండ్రం తిరగతానే ఉంటే వెనకాల లైన్లో ఉండేవాళ్లు చూసే చూపు ఉంది చూడండి, అది పడలేను. ఆ దారిలో 4జీ బాగా వస్తాదా? ఇంటి లోపల గదుల్లో?

నంబరు అదే ఉంచుకోని కంపెనీ మారేదానికి (పోర్ట్ అంటే అదే) 1900కి మెసేజ్ పెడితే వచ్చే కోడ్ నాలుగు రోజులే పనిచేస్తాదంట, ఒకసారి మారినాక 90 రోజుల దాకా మళ్లీ మారే దానికి లేదు. అందుకే ముందు కొత్త సిమ్ ఒకటి తీసుకోని రెండో స్లాట్‌లో వేసి చూస్తే మేలా, లేక అదీ దండగేనా?

ఇంకోటి, అమ్మది బటన్ల ఫోను. ఫోన్ కంపెనీలపైన ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పినాక 2025 జనవరి నుంచి డేటా లేకుండా ఒట్టి కాల్స్, ఎస్ఎంఎస్ ప్లాన్లు వచ్చినాయి కదా, షాపతను అవి చూపించనే చూపించడు. ఎవరైనా వేయించినారా, ఎంత పడతా ఉంది?