పెరూలో వచ్చిన స్పానిష్ భాషా పత్రిక 'అమౌతా' ఎందుకు ఆగిపోయింది?

కావలి అబ్బాయి: మా తాత ట్రంకుపెట్టెలో 'జమీన్ రైతు' పాత సంచికలు దొరికినయ్, ముట్టుకుంటే అంచులు పొడిగా రాలుతున్నయ్. ఆ కాలంలోనే పెరూలో 'అమౌతా' వచ్చేదని విన్నాను. దాని కథేంటి అన్నా?

ఒంగోలు మాస్టారు: తమ్ముడూ, 1926 సెప్టెంబర్‌లో లిమాలో హోసే కార్లోస్ మరియాతెగి అనే మార్క్సిస్టు రచయిత మొదలుపెట్టాడు. అక్కడి ఆదివాసుల క్వెచువా భాషలో అమౌతా అంటే జ్ఞాని, గురువు. ఆ పేరు సూచించింది చిత్రకారుడు హోసే సబోగల్. మరియాతెగికి 1924లోనే కాలు తీసేశారు, అయినా చక్రాల కుర్చీలో కూర్చుని రాజకీయం, కవిత్వం, చిత్రకళ, ఆదివాసుల భూమి సమస్య అన్నీ ఒకే పత్రికలో తెచ్చాడు, ఆ కలపడమే నాకు చాలా ఇష్టం.

కందుకూరు రైతుబిడ్డ: మాస్టారూ, మధ్యలో ఒకసారి మూయించారు కూడా. 1927 జూన్‌లో పెరూ అధ్యక్షుడు లెగియా ప్రభుత్వం కమ్యూనిస్టు కుట్ర అని మరియాతెగిని అరెస్టు చేసింది, పత్రిక మళ్లీ డిసెంబర్‌లో గానీ రాలేదు. 1930 ఏప్రిల్ 16న ఆయన పోయాడు, 35 ఏళ్లకే. తర్వాత కొద్ది సంచికలు వచ్చి 32వ దానితో ఆగిపోయింది.

కావలి అబ్బాయి: నాలుగేళ్లకేనా! థాంక్స్ అన్నా. తాత కాగితాలు రేపే స్కాన్ చేయిస్తా.