రెండు డిస్కులు, రెండు ఓఎస్‌లు: ఉమ్మడి డేటా డ్రైవా, వేరు కాపురమా?

మిరపబజ్జి:
నా లాప్‌టాప్‌లో 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ప్రస్తుతం విండోస్ 11 ఒక్కటే. ట్యాలీ పనికి అది తప్పదు. పైథాన్ ప్రోగ్రామింగ్ కోసం లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) కూడా వేద్దామనుకుంటున్నా. మా రూమ్మేటేమో ఎస్ఎస్‌డీ విండోస్‌కి, హార్డ్ డిస్క్ లినక్స్‌కి ఇచ్చెయ్, ఒకదాని జోలికి ఇంకోటి రాకూడదు అంటాడు. నాకు రెండు ఓఎస్‌లూ ఎస్ఎస్‌డీలో పెట్టి, పెద్ద డిస్కుని రెండిటికీ ఉమ్మడిగా వాడుకోవాలని ఉంది. ఏది నయం?

పాతకీబోర్డు:
మీ రూమ్మేట్ మాటే వినండి. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే కెర్నల్‌ని, అంటే ఓఎస్ గుండెకాయని, డిస్కులో దాచుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో ఎన్టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) డ్రైవ్‌ని లినక్స్ రీడ్ ఓన్లీగా తెరుస్తుంది, ఒక్కోసారి అసలు తెరవదు. బలవంతంగా రాయిస్తే ఫైళ్ళు పాడవుతాయి. పైగా 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ గుర్తుందా? సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే లేవనిచ్చే రక్షణ) పెట్టుకున్న చాలా డ్యూయల్ బూట్ (రెండు ఓఎస్‌ల) మెషీన్లలో లినక్స్ లేవనే లేదు. ఒకే డిస్కులో ఇద్దర్నీ కూర్చోబెడితే ఇవే గొడవలు.

నల్లమల:
ఆ ఆగస్టు గొడవకీ డిస్కులకీ సంబంధం లేదండీ. ఓఎస్‌ని లేపే బూట్‌లోడర్లలో పాతవాటిని నిషేధించే ఎస్‌బ్యాట్ జాబితాని విండోస్ రాసింది మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో. లినక్స్ మూడో డిస్కులో ఉన్నా ఆగిపోయేదే. ఇక ఫాస్ట్ స్టార్టప్ అంటారా, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఒక టిక్ తీసేస్తే పోతుంది.

పైగా 2026లో తిరిగే హార్డ్ డిస్కు మీద లినక్స్ వేయమనడం ఏం సలహా? బ్రౌజర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. వేరు డిస్కులో వేసినా మింట్‌లోని యుబిక్విటీ ఇన్‌స్టాలర్‌కి ఒక పాత జబ్బుంది: బూట్‌లోడర్‌కి రెండో డిస్కు చూపించినా, తీసుకెళ్ళి మొదటి డిస్కులో బూట్‌లోడర్లు ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే పెడుతుంది. వేరు చేశామని మనం అనుకోవడమే.

మిరపబజ్జి గారూ, ఎస్ఎస్‌డీలో విండోస్‌కి 160 జీబీ, మింట్‌కి మిగిలింది. హార్డ్ డిస్కులో ఎక్కువ భాగం ఎన్టీఎఫ్ఎస్: సినిమాలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు, ట్యాలీ బ్యాకప్. చివర ఓ 100 జీబీ లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. మింట్‌ని పాత స్థితికి తెచ్చుకునే టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్లకి అదే కావాలి.

తూనీగ:
ఎన్టీఎఫ్ఎస్ ఎందుకు బ్రో, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెట్టుకుంటే రెండు ఓఎస్‌లూ చదువుతాయిగా.

నల్లమల:
చదువుతాయి. కానీ ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (మార్పుల్ని ముందే చిట్టా రాసుకోవడం) లేదు. రాస్తుండగా మెషీన్ ఆగిపోతే ఏ ఫైలు ఏమైందో వెతుక్కోవాలి. పెన్‌డ్రైవ్‌కి సరే, ఏళ్ళ తరబడి డేటా ఉండే డిస్కుకి వద్దు. ఎన్టీఎఫ్ఎస్‌కి 5.15 కెర్నల్ నుంచి, అంటే 2021 నుంచి, కెర్నల్‌లోనే రాసే డ్రైవర్ ఉంది.

పాతకీబోర్డు:
ఉంది సరే, ఆ ఎన్టీఎఫ్ఎస్ దెబ్బతింటే లినక్స్ నుంచి పూర్తిగా బాగుచేయలేరు. విండోస్‌లోకెళ్ళి చెక్‌డిస్క్ నడపాల్సిందే. ఇంకోటి: విండోస్ 11లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. రికవరీ కీ రాసిపెట్టుకోకుండా పార్టిషన్ల మీద చెయ్యి వేయకండి. ఉమ్మడి డ్రైవ్‌కి అది ఉంటే తీసేయండి, లేకపోతే మింట్ తెరిచిన ప్రతిసారీ కీ అడుగుతుంది.

మిరపబజ్జి:
బిట్‌లాకర్ సంగతి ఇప్పుడే చూశా, ఆన్‌లోనే ఉంది! థాంక్స్. మరి పైథాన్ ప్రాజెక్టులు కూడా ఉమ్మడి డ్రైవ్‌లోనే పెడితే రెండు చోట్లా పని చేసుకోవచ్చా?

నల్లమల:
వద్దు. లినక్స్‌లో తయారైన వెన్వ్‌లో (ప్రాజెక్టు పైథాన్ సరంజామా ఉండే ఫోల్డర్) బిన్ ఫోల్డర్ ఉంటుంది, విండోస్‌దాంట్లో స్క్రిప్ట్స్. ఒకటి ఇంకోచోట నడవదు. కోడ్ మింట్ హోమ్‌లోనే ఉంచి, కోడ్ మార్పుల్ని దాచే గిట్‌తో ఇటూ అటూ తెచ్చుకోండి. ఫైలు పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం లాంటివి పెట్టినా లినక్స్ ఊరుకుంటుంది, విండోస్ తెరవదు. ఆ డ్రైవ్‌ని మింట్‌కి తగిలించేటప్పుడు (మౌంట్) విండోస్ నేమ్స్ ఆప్షన్ ఇస్తే ఆ పేర్లు ముందే ఆపేస్తుంది. ఏ డ్రైవ్‌లు తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో దాని లైన్‌కి నోఫెయిల్ కూడా చేర్చండి, డిస్కు దొరక్కపోయినా మింట్ లేస్తుంది.

తూనీగ:
గడియారం సంగతి ఎవరూ చెప్పలేదేం? మింట్ నుంచి విండోస్‌లోకి రాగానే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. మింట్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. అలా ఉండగా ఉమ్మడి డ్రైవ్‌లో సేవ్ చేసిన ఫైళ్ళకి తప్పు టైమ్ పడి, సింక్ టూల్ ఏది కొత్తదో తేల్చుకోలేదు. మింట్‌ని లోకల్ టైమ్ వాడమనండి.

పాతకీబోర్డు:
ఇది మంచి పాయింట్. నా మాట మాత్రం మారదు: రెండూ ఎస్ఎస్‌డీలైతే ఓఎస్‌కొకటి ఇచ్చేయడమే. ఒక డిస్కు పోయినా రెండో దాంట్లో లేచి పని చేసుకోవచ్చు. అదీ లినక్స్ వేసేటప్పుడు విండోస్ డిస్కుని విప్పి పక్కన పెట్టి. అప్పుడు ఆ ఇన్‌స్టాలర్ జబ్బు కూడా ఏమీ చేయలేదు.

మిరపబజ్జి:
ఉన్నది ఒకటే ఎస్ఎస్‌డీ కదా సార్. ఈ ఆదివారం ఫొటోలు బయటి డిస్కుకి కాపీ చేసి, నల్లమల గారు చెప్పిన లెక్కలో విభజిస్తా.